పన్నెండు మెట్ల విముక్తిమార్గం: అపోహలు, మూలపాఠం, ఆచరణ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మద్యవ్యసనం నుంచి బయటపడేందుకు 1935లో అమెరికాలో రూపుదిద్దుకొన్న సంఘం ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’. దాని సాధనాక్రమం పన్నెండు మెట్లు. ఈ మెట్లపై ఉన్న వ్యాఖ్యానాల్లో అధికభాగం 1939లో అచ్చయిన మూలగ్రంథాన్ని చదవకుండా చేసినవే. మెట్లు బాధ్యతను తప్పించుకొనే మార్గమనీ, మతప్రచారమనీ, ఒట్టు పెట్టించే పద్ధతి అనీ, వైద్యానికి విరోధమనీ, నిరుపయోగమనీ వినిపించే అభిప్రాయాలను మూలపాఠంతో, పరిశోధనల ఫలితాలతో సరిపోల్చి పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. సమర్థకులు ప్రచారం చేసే అపోహలను కూడా ఇదే ప్రమాణంతో పరిశీలించటం జరిగింది. పాఠం, ఆచరణ, సంస్థ అనే మూడింటిని వేరుచేసి చూడకపోవటమే ఎక్కువ అపోహలకు మూలమన్నది వ్యాస ప్రతిపాదన. పాఠానికి ఉన్న పరిమితులు, తెలుగు పదాల ఎంపికలో ఎదురయ్యే చిక్కులు చివరి భాగాల్లో చర్చకు వచ్చాయి.

కీలకపదాలు: మద్యవ్యసనం, పన్నెండు మెట్లు, ఆల్కహాలిక్స్ అనానిమస్, బిల్ విల్సన్, అపోహలు, మూలపాఠ విమర్శ, దూబగుంట.

1. ఉపోద్ఘాతం

భారతదేశంలో మత్తుపదార్థాల వినియోగంపై కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ చేయించిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తీసుకొంటున్నారనీ, 5.2 శాతం మందికి మద్యం వల్ల కలిగిన సమస్యలకు సహాయం అవసరమనీ అది లెక్కగట్టింది. మద్యంపై పూర్తిగా ఆధారపడిపోయినవారిలో ఏదో ఒక చికిత్స పొందామని చెప్పినవారు 38 మందిలో ఒక్కరే. ఈ అంతరానికి ఆసుపత్రుల కొరత ఒక కారణం, సిగ్గు ఒక కారణం. అందుబాటులో ఉన్న సహాయం గురించిన తప్పుడు అవగాహన కూడా ఒక కారణమే. రుసుము లేని, నమోదు పుస్తకం లేని ఒక సమావేశానికి వెళ్ళవలసిన మనిషి ‘అక్కడ మతం మారుస్తారట’ అనో, ‘అక్కడ చేతగానివాడినని ఒప్పుకోవాలట’ అనో ఆగిపోతే ఆ అపోహకు మూల్యం చెల్లించేది అతడి కుటుంబం. దీనికి భిన్నంగా, అక్కడికి వెళితే చాలు, వైద్యుడి అవసరం లేదని నమ్మినవాడికి కలిగే ప్రమాదం కూడా తక్కువది కాదు.

ఈ అపోహలను తేల్చవలసింది అభిమానంతోనో ద్వేషంతోనో కాదు. పన్నెండు మెట్లు మొదటగా ఒక పాఠం. ఆ పాఠానికి రచయిత ఉన్నాడు, రచనాచరిత్ర ఉంది, పాఠాంతరాలున్నాయి, వ్యాఖ్యానగ్రంథముంది. సాహిత్యవిమర్శ ఏ రచనకైనా వేసే ప్రశ్నలే దీనికీ వేయవచ్చు: ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? ఏ కాలంలో? ఎవరితో? ఏమి చెప్పలేదు?

2. మూలపాఠం - పుట్టుక, స్వరూపం

న్యూయార్క్ స్టాక్ మార్కెట్ వ్యాపారి బిల్ విల్సన్ 1934 డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చికిత్స పొంది తాగుడు మానాడు. 1935 మే నెలలో వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరానికి వెళ్ళి, ఆ పని విఫలమై, మళ్ళీ తాగుతానేమోనన్న భయంతో మరో తాగుబోతుతో మాట్లాడాలని వెతికాడు. అలా కలిసిన వ్యక్తి శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్. సంఘ చరిత్రలో ఆయన డాక్టర్ బాబ్. బాబ్ చివరిసారి తాగిన రోజుగా చెప్పుకొనే 1935 జూన్ 10ని సంఘం తన స్థాపనదినంగా పాటిస్తుంది. ఈ ఘట్టంలో ఒక అంశం గమనార్హం. బిల్ వెళ్ళింది ఎదుటివాడిని బాగుచేయటానికి కాదు, తాను తాగకుండా ఉండటానికి. సహాయం చేసేవాడికే ఆ సహాయం ముందుగా అవసరమన్న ఈ తలకిందుల సూత్రం పన్నెండో మెట్టుకు బీజం.

తొలినాళ్ళలో వీరు ఫ్రాంక్ బుక్‌మన్ నడిపిన ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో భాగంగా ఉండి, తర్వాత విడిపోయారు. 1939 ఏప్రిల్‌లో ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అన్న పేరుతోనే పుస్తకం వెలువడింది. సభ్యులు దీన్ని ‘బిగ్ బుక్’ అంటారు. మెట్లు ఈ పుస్తకంలోని అయిదో అధ్యాయంలో ఉన్నాయి. సంఘ నిర్వహణకు సంబంధించిన పన్నెండు సంప్రదాయాలు 1946లో సంఘ పత్రికలో వచ్చి, 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదం పొందాయి. మెట్లకూ సంప్రదాయాలకూ బిల్ రాసిన వ్యాఖ్యానం 1953 నాటిది.

మెట్ల భాషలో మూడు లక్షణాలు కొట్టవచ్చినట్లు కనబడతాయి. మొదటిది, అవి విధివాక్యాలు కావు. ‘చేయి’, ‘చేయరాదు’ అన్న క్రియలు వాటిలో లేవు. అన్నీ ఉత్తమపురుష బహువచనంలో, భూతకాలంలో ఉన్నాయి. అంటే ‘మేము ఇలా చేశాము’ అని చెప్పే అనుభవ కథనం. వాటిని ప్రవేశపెట్టే వాక్యం కూడా వాటిని సూచనగానే పేర్కొంటుంది. రెండోది, మద్యం అన్న మాట మొదటి మెట్టులోనే ఉంది. చివరి మెట్టులో తోటి వ్యసనపరుల ప్రస్తావన ఉంది. మధ్యనున్న పది మెట్లలో తాగుడు ఊసే లేదు. మూడోది, అవి మారుతూ వచ్చిన పాఠం. ఏడో మెట్టులో మోకరిల్లి అడగటాన్ని సూచించే మాటలు అచ్చుకు ముందే తొలగిపోయాయి. పన్నెండో మెట్టులో ఆధ్యాత్మిక ‘అనుభవం’ అన్న పదం 1941 నాటి రెండో ముద్రణలో ఆధ్యాత్మిక ‘మేల్కొలుపు’గా మారింది. ఆ ముద్రణలోనే చేర్చిన ఒక అనుబంధం, మార్పు మెరుపులా రానక్కరలేదనీ చాలామందిలో నెమ్మదిగానే వస్తుందనీ వివరించింది. ఆజ్ఞాపత్రంగా ప్రచారంలో ఉన్న పాఠం నిజానికి సవరణలకు లోనైన సాక్ష్యపత్రం.

3. శక్తిహీనత - బాధ్యత

మొదటి మెట్టుపై వచ్చే ఆక్షేపణ అత్యంత ప్రబలమైనది. ‘నాకు శక్తి లేదు’ అని ఒప్పుకోవటం మనిషిని మరింత కుంగదీస్తుందనీ, ‘నా చేతిలో లేదు కాబట్టి నా తప్పు లేదు’ అనే సాకునిస్తుందనీ ఈ వాదన సారాంశం.

మూలపాఠం చెప్పే శక్తిహీనత సర్వవ్యాపకం కాదు, మద్యం విషయానికే పరిమితం. మొదటి గుక్క లోపలికి వెళ్ళాక ఎక్కడ ఆపాలో నిర్ణయించే సామర్థ్యం తమలో మిగల్లేదన్న పరిశీలన అది. దీని తర్వాత వచ్చే మెట్లను వరుసగా చూస్తే బాధ్యత తగ్గకపోగా పెరుగుతుంది. నాలుగో మెట్టు తన నడవడికి తానే లెక్క రాసుకోవటం. అయిదోది ఆ లెక్కను మరో మనిషి ఎదుట విప్పటం. ఎనిమిదోది తనవల్ల నష్టపోయినవారి జాబితా. తొమ్మిదోది ఆ నష్టాన్ని నేరుగా సరిదిద్దటం. అయితే అలా చేయటం వల్ల వారికో ఇతరులకో హాని కలిగే పక్షంలో మానుకోవాలన్న జాగ్రత్త కూడా ఆ మెట్టులోనే ఉంది. తన మనశ్శాంతి కోసం ఎదుటివారి బతుకును బద్దలుకొట్టే హక్కు ఎవరికీ లేదన్న నైతిక వివేకం అది. పదో మెట్టు ఈ లెక్కను జీవితాంతం కొనసాగించమంటుంది. బాధ్యత నుంచి పారిపోదలచినవాడికి ఇంతకంటే అననుకూలమైన మార్గం ఉండదు.

ఈ విరోధాభాసను సిద్ధాంతస్థాయిలో విశ్లేషించినవాడు మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్‌సన్. 1971లో ప్రచురించిన వ్యాసంలో ఆయన తాగుబోతు అహంకారాన్ని సీసాతో సాగే పోటీగా వర్ణించాడు. ‘నేను దీన్ని జయించగలను’ అన్న పంతమే అతడిని కొన్నాళ్ళు తాగకుండా ఉంచుతుంది. గెలిచానన్న నమ్మకం కలగగానే ఆ గెలుపును పరీక్షించుకోవటానికి మళ్ళీ సీసా దగ్గరికి పంపేదీ ఆ పంతమే. సంకల్పబలం పెంచుకొమ్మని చేసే ప్రతి హితబోధా ఈ పోటీకి ఆజ్యం పోస్తుంది. మొదటి మెట్టు పోటీలో ఓడిపొమ్మనటం లేదు, పోటీ నుంచే తప్పుకొమ్మంటుంది. చరిత్రకారుడు ఎర్నెస్ట్ కర్ట్జ్ 1979 నాటి తన గ్రంథంలో ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చెప్పాడు. ఆ గ్రంథం పేరే ‘నాట్ గాడ్’. తాను దేవుడిని కాదని, తనకు హద్దులున్నాయని గుర్తించినప్పుడే తనలాంటి మరో మనిషితో సంబంధం సాధ్యమవుతుందన్నది ఆయన సిద్ధాంతం.

తెలుగునాట తాగేవాడి గురించి తరచుగా వినిపించే మాట ‘గట్టిగా అనుకొంటే మానలేడా?’ అన్నది. ఎన్నోసార్లు గట్టిగా అనుకొని ఓడినవాడికి ఆ మాట ఉపదేశం కాదు, ఇంకో దెబ్బ.

4. మతం - రెండువైపుల అపోహ

పన్నెండు మెట్లలో భగవంతుడి ప్రస్తావన పలుమార్లు ఉంది. కనుక ఇది మారువేషంలోని క్రైస్తవమేనన్న అనుమానం సహజం. అయితే మూడో మెట్టులోనూ పదకొండో మెట్టులోనూ దేవుడంటే ఎవరికివారు అర్థం చేసుకొన్న దేవుడేనన్న విశేషణం ఉంది. ఆ విశేషణం యాదృచ్ఛికం కాదు. రచనాకాలంలో హ్యాంక్ పార్క్‌హర్స్ట్, జిమ్ బర్‌వెల్ వంటి దైవవిశ్వాసం లేని సభ్యులు పట్టుబట్టి సాధించిన సవరణ అది. అంటే నాస్తికుల స్వరం పాఠం వెలుపల లేదు, పాఠనిర్మాణంలోనే ఉంది. సభ్యత్వానికి మూడో సంప్రదాయం పెట్టిన అర్హత తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. తొలి ముద్రణ ముందుమాటలో ఆ కోరికకు ముందున్న ‘నిజాయితీ గల’ అన్న విశేషణం కూడా తర్వాత తొలగిపోయింది. నిజాయితీని కొలిచే అధికారం ఎవరికీ లేదన్న వివేకం ఆ తొలగింపు వెనుక కనిపిస్తుంది.

ఇంతమాత్రాన ‘ఇది మతం కాదు, కేవలం ఆధ్యాత్మికత’ అని సమర్థకులు చెప్పే మాటను యథాతథంగా స్వీకరించటం కుదరదు. మూలగ్రంథంలోని నాలుగో అధ్యాయం అజ్ఞేయవాదులను ఉద్దేశించి రాసిందే అయినా, వారి సందేహాన్ని ఒక స్థిరమైన నిలయంగా కాక దాటిపోవలసిన దశగా చూస్తుంది. ప్రార్థన, దైవచిత్తం అన్న భావనలు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ నుంచి వచ్చిన వారసత్వం. అమెరికా న్యాయస్థానాలు ఈ అంశాన్ని సూటిగా తేల్చాయి. 1996లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం గ్రిఫిన్ కేసులోనూ, అదే ఏడాది ఏడో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కెర్ కేసులోనూ, 2007లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఇనోవే కేసులోనూ ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఖైదీలనో పెరోల్‌పై ఉన్నవారినో ఈ సమావేశాలకు వెళ్ళమని ప్రభుత్వం బలవంతపెట్టటం మతస్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ నిబంధనకు విరుద్ధమన్నాయి.

ఈ తీర్పులను సంఘానికి వ్యతిరేకంగా చదవటం పరిపాటి. వాటి లక్ష్యం సమావేశాలు కాదు, బలవంతం. సంఘంలో చేర్చేందుకు ఆకర్షణే తప్ప ప్రచారం కూడదన్న పదకొండో సంప్రదాయానికి కోర్టు ఆదేశంతో చేర్చటం పొసగదు. సంస్థలు పాఠాన్ని తమ అవసరానికి వాడుకొన్నప్పుడు వచ్చే నింద పాఠానికి ఎలా అంటుకొంటుందో చెప్పటానికి ఇదొక ఉదాహరణ.

5. ఒట్టు, దీక్ష, నిషేధం

తెలుగు సమాజంలో తాగుడు మాన్పించటానికి అనాదిగా ఉన్న సాధనం ఒట్టు. బిడ్డ తల మీద చేయి వేయించటం, దేవుడి పటం ముందు ప్రమాణం చేయించటం, మాల వేయించటం దాని రూపాలు. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన నాటి రాత్రే సీసా పట్టుకోవటం ఎరగని ఊరు ఉండదు. పన్నెండు మెట్లు కూడా ఇటువంటి ప్రమాణమేనని, కాకపోతే మీటింగులో అందరి ముందు చేయిస్తారని చాలామంది భావిస్తారు.

చారిత్రకంగా చూస్తే ఈ మార్గం ప్రమాణాల వైఫల్యం నుంచే పుట్టింది. బిల్ విల్సన్ ఇక తాగనని భార్య లోయిస్‌కు ఇంటి బైబిలులో మళ్ళీమళ్ళీ రాసి ఇచ్చి, ప్రతిసారీ తప్పినవాడు. అంతకు ముందు 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ప్రారంభించిన వాషింగ్టోనియన్ ఉద్యమం ప్రమాణపత్రం మీదే నడిచి, లక్షలాదిమందిని ఆకర్షించి, కొద్దికాలంలోనే చెల్లాచెదురైంది. ‘జన్మలో ముట్టను’ అన్న ప్రతిజ్ఞ స్థానంలో సంఘం పెట్టింది ‘ఈ ఒక్కరోజు’ అన్న గడువు. ఒట్టు తప్పినవాడు పాపి అవుతాడు, ఆ సిగ్గుతో మరింత తాగుతాడు. ఒక్కరోజు గడువు తప్పినవాడు మర్నాడు మళ్ళీ మొదలుపెడతాడు. దీక్షకు ముగింపు తేదీ ఉంది, ఈ మార్గానికి లేదు.

ఇది మద్యనిషేధ ఉద్యమమన్న భావన కూడా సరికాదు. అమెరికాలో మద్యనిషేధం 1920 నుంచి 1933 దాకా అమలులో ఉంది. సంఘం పుట్టింది నిషేధం తొలగిన రెండేళ్ళకు. బయటి వివాదాలపై సంఘానికి అభిప్రాయం ఉండదన్న పదో సంప్రదాయం ప్రకారం అది నిషేధాన్ని సమర్థించదు, వ్యతిరేకించదు. వాషింగ్టోనియన్లు బయటి వివాదాల్లో చిక్కుకొని దెబ్బతిన్నారన్న ఎరుక ఈ సంప్రదాయం వెనుక ఉంది.

ఈ తటస్థత ఆంధ్రదేశపు అనుభవానికి విరుద్ధధ్రువంలో ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకొన్న సారా వ్యతిరేకోద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దూబగుంట స్త్రీలు ప్రశ్నించింది తాగేవాడినొక్కడినే కాదు, అమ్మేవాడినీ, ఆ అమ్మకంతో ఖజానా నింపుకొనే ప్రభుత్వాన్నీ. పన్నెండు మెట్లలో అమ్మేవాడి ప్రస్తావన లేదు. రెండూ ఒకే సమస్యకు ప్రత్యామ్నాయాలు అనుకోవటం వల్ల ‘మీటింగులతో ఏమవుతుంది, దుకాణాలు మూయించాలి’ అన్న వాదన వస్తుంది. దుకాణం మూయించటం సమాజం చేయవలసిన పని. దుకాణం తెరిచి ఉన్న వీధిలో నడిచి ఇల్లు చేరటం ఒక మనిషి ఈ సాయంత్రం చేయవలసిన పని. ఒకటి రెండోదానికి బదులు కాదు.

6. వైద్యం - మందులు

‘మెట్లు ఎక్కేవాడు మందులు వాడకూడదు’ అన్నది ప్రాణాంతకమైన అపోహ. ఏళ్ళతరబడి అధికంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమణంతో కూడిన తీవ్రస్థితి రావచ్చు. వైద్య పర్యవేక్షణ లేకపోతే ప్రాణం పోవచ్చు. ఇది సంకల్పానికి గాని ప్రార్థనకు గాని లొంగే విషయం కాదు.

మూలగ్రంథం వైద్యుడి అభిప్రాయంతోనే మొదలవుతుంది. ఆ భాగం రాసినది బిల్‌కు చికిత్స చేసిన డాక్టర్ విలియం సిల్క్‌వర్త్. సంఘ వ్యవస్థాపకుల్లో ఒకరు స్వయంగా వైద్యుడు. శరీరం నుంచి మద్యాన్ని తొలగించేందుకు ఆసుపత్రి అవసరం ఉంటుందని ఆ పుస్తకం గుర్తించింది, కుటుంబం గురించిన అధ్యాయంలో వైద్యులను, మానసిక నిపుణులను నిర్లక్ష్యం చేయవద్దని చెప్పింది. మందుల విషయంలో ఏ సభ్యుడూ వైద్యుడి పాత్ర వహించరాదని సంఘం ప్రత్యేకంగా కరపత్రమే ప్రచురించింది. హెరాయిన్ వ్యసనానికి మెథడోన్ చికిత్సను రూపొందించిన విన్సెంట్ డోల్ ఈ సంఘపు ధర్మకర్తల మండలిలో సభ్యుడిగా ఉన్నాడు.

అయినా అపోహకు ఆధారం బొత్తిగా లేదనటం సత్యదూరం. నాల్ట్రెక్సోన్‌కు 1994లో, అకాంప్రొసేట్‌కు 2004లో మద్యవ్యసన చికిత్స కోసం అమెరికాలో అనుమతి లభించింది. ఇటువంటి మందులు వాడేవారిని ‘నిజంగా మానినవారు’గా పరిగణించని సభ్యులు కొన్ని సమావేశాల్లో తారసపడటం వాస్తవం. ప్రతి బృందానికీ స్వయంప్రతిపత్తి ఇచ్చిన నిర్మాణంలో కేంద్రం నుంచి దిద్దే యంత్రాంగం ఉండదు. పాఠం నిర్దోషమైనంత మాత్రాన ఆచరణ నిర్దోషం కాదు. డిప్రెషన్ మాత్రలు ఆపేయమని స్పాన్సర్ చెప్పిన మాట విని కుప్పకూలినవాడికి కరపత్రంలో ఏముందన్నది ఆలస్యంగా అందిన సమాచారం. స్పాన్సర్ అంటే ముందు నడిచిన తోటి రోగి మాత్రమే, గురువు కాదు, వైద్యుడు అంతకంటే కాదు.

7. ఫలితాలు - అంకెలపై అపోహలు

‘ఈ పద్ధతిలో బాగుపడేవారు అయిదు శాతమే’ అన్న మాట విస్తృత ప్రచారంలో ఉంది. 2014లో లాన్స్ డోడ్స్ గ్రంథం, 2015లో ‘అట్లాంటిక్’ పత్రికలో గాబ్రియేల్ గ్లేజర్ వ్యాసం అల్ప ఫలితాల వాదాన్ని సామాన్య పాఠకులకు చేర్చాయి. ప్రచారంలో ఉన్న అంకెకు ఒక ఆధారంగా చూపేది సంఘం తన సభ్యులపై జరిపిన సర్వేలను విశ్లేషించిన 1990 నాటి నివేదికలోని ఒక పట్టిక. చేరి ఏడాదిలోపు అయినవారిని నెలలవారీగా పంచి చూపిన పట్టిక అది. అందులో మొదటి నెలవారు 19 శాతం, పన్నెండో నెలవారు 5 శాతం. ఆ అయిదును నూటికి అయిదుగురే నిలిచినట్లుగా చదవటం గణితదోషం. మొదటి నెల అంకె కూడా 100 కాదు, 19 మాత్రమే.

సమర్థకుల అంకెలకూ ఇదే కొలత వర్తిస్తుంది. 1955 నాటి రెండో కూర్పు ముందుమాటలో, నిజంగా ప్రయత్నించినవారిలో సగంమంది వెంటనే, పావువంతు మంది కొన్ని పతనాల తర్వాత మానారన్న ప్రకటన ఉంది. అది పోలికకు మరో బృందం లేకుండా సంఘం తానే చేసుకొన్న అంచనా. పైగా ‘నిజంగా ప్రయత్నించిన’ అన్న నియమం వల్ల విఫలమైనవాడు లెక్కలోంచే జారిపోతాడు.

శాస్త్రీయ పరిశీలన క్రమంగా స్పష్టతకు వచ్చింది. 1997లో వెలువడిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ 1,726 మందిని మూడు చికిత్సాపద్ధతులుగా విభజించి చూసి, మెట్లకు చేర్చే పద్ధతి మిగిలిన రెండింటికి తీసిపోదని తేల్చింది. 2006 నాటి కాక్రేన్ సమీక్షకు మాత్రం ఈ పద్ధతి ప్రభావాన్ని నిస్సందేహంగా నిరూపించే ప్రయోగం కనబడలేదు. 2020లో జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మారికా ఫెర్రీ చేసిన కొత్త కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిగణించింది. ఏడాది తర్వాత పూర్తిగా మానినవారు మెట్లకు చేర్చే క్రమబద్ధ చికిత్సలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. తాగిన రోజుల్లో తాగే మోతాదు వంటి ఇతర కొలతల్లో ఫలితం దాదాపు సమానం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మొదటగా, ఈ మేలు నిపుణుల సహకారంతో మెట్లకు చేర్చిన చికిత్సది. ఎవరో చెప్పగా ఒక మీటింగుకు వెళ్ళొచ్చినవాడికి నేరుగా వర్తించదు. రెండోది, 42 శాతం అంటే మిగిలిన 58 శాతం మందికి ఏడాది చివర పూర్తి విముక్తి లేదు. నిరుపయోగమన్న మాట తప్పు, అందరికీ ఇదొక్కటే దారి అన్న మాట కూడా అంతే తప్పు. మూలగ్రంథం సైతం విముక్తిపై తనకు గుత్తాధిపత్యం ఉందని చెప్పుకోలేదు. 1994లో విలియం మిల్లర్, ఎర్నెస్ట్ కర్ట్జ్ కలిసి రాసిన పరిశోధనపత్రం ఈ విషయాన్ని వివరంగా నిరూపించింది. మద్యం సమస్య ఒకే రకమనీ, రోగిని నిలదీసి అవమానించాలనీ, విముక్తికి దారి ఒకటేననీ, ఇది కేవలం శారీరక రోగమనీ సంఘ సాహిత్యం ఎక్కడా చెప్పలేదని, ఇవి ఇతర చికిత్సా నమూనాల నుంచి దానికి అంటగట్టినవని వారు చూపారు.

8. తెలుగు పదాలు - అర్థభేదాలు

ఈ భావనలను తెలుగులో చెప్పేటప్పుడు పదాల ఎంపిక కొత్త అపోహలకు తావివ్వగలదు. ‘వ్యసనం’ అన్న పదం వెంట సప్తవ్యసనాల సంప్రదాయం వస్తుంది. జూదం, వేట, పరుషవాక్కు సరసన మద్యపానాన్ని నిలిపిన ఆ సంప్రదాయంలో అది రాజు వదలుకోవలసిన దోషం, రోగం కాదు. ‘తాగుబోతు’ తిట్టు. సమావేశంలో సభ్యుడు తనను తాను ‘ఆల్కహాలిక్’ అని పరిచయం చేసుకొన్నప్పుడు ఆ తిట్టును తనకు తాను తగిలించుకొంటున్నాడని వినేవారికి అనిపించవచ్చు. అక్కడ ఆ పేరు తన స్థితిని తానే గుర్తించిన ప్రకటన. మూలగ్రంథం ఎవరిమీదా ఆ ముద్ర వేయటానికి ఒప్పుకోదు. అనుమానమున్నవారిని మితంగా తాగి చూసుకొని తామే తేల్చుకొమ్మంటుంది.

‘శరణాగతి’ అన్నప్పుడు తెలుగు పాఠకుడికి వైష్ణవ ప్రపత్తి గుర్తుకొస్తుంది. మెట్ల పాఠంలో ఆ అర్థమిచ్చే పదం లేదు, ఉన్నది ‘నిర్ణయం’. నాలుగో మెట్టును ‘ఆత్మవిమర్శ’ అంటే అపరాధభావం ముందుకు వస్తుంది. మూలంలోని ఉపమానం దుకాణదారుడు క్రమం తప్పకుండా తీసే సరుకు లెక్క. పాడైన సరుకేదో, పనికొచ్చే సరుకేదో ఉన్నదున్నట్లు రాయటమే తప్ప ఏడవటం అందులో లేదు. తొమ్మిదో మెట్టును ‘క్షమాపణ’ అంటే మాటతో సరిపోతుంది. మూలభావం నష్టాన్ని పూడ్చటం, అంటే ఎగ్గొట్టిన అప్పు తీర్చటం. చివరికి ‘మెట్టు’ అన్న మాట కూడా తికమక పెట్టేదే. కొండమెట్లు ఎక్కినవాడికి పైన దర్శనంతో పని పూర్తవుతుంది. ఇక్కడ పది, పదకొండు, పన్నెండు రోజూ చేసేవి. ఆ అర్థంలో ఇవి మెట్లకన్నా అడుగులు.

9. పాఠం పరిమితులు

అపోహలు తొలగించాక మిగిలేది నిర్దుష్టమైన గ్రంథం కాదు. మూలగ్రంథంలోని ఎనిమిదో అధ్యాయం భార్యలను ఉద్దేశించినది. అది భార్యల గొంతుతోనే సాగుతుంది. రాసింది మాత్రం బిల్. లోయిస్ రాస్తానన్నా ఆమెకు ఆ అవకాశం దక్కలేదు. ఓర్పు, సహనం, కోపాన్ని అణచుకోవటం ఆ అధ్యాయపు ప్రధాన బోధనలు. తాగి వచ్చినవాడి చేతిలో హింస అనుభవించే స్త్రీకి ఇవి చాలవు, కొన్నిసార్లు హాని చేస్తాయి. దూబగుంట స్త్రీల సామూహిక చర్యను ఈ అధ్యాయం పక్కన పెట్టి చూస్తే, భార్య అన్న పాత్రను పాఠం ఎంత ఇరుకుగా ఊహించిందో తెలుస్తుంది. 1951లో లోయిస్ ఏర్పరచిన ‘అల్-ఆనన్’ కుటుంబసభ్యులకు వారి సొంత వేదికనిచ్చింది. 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ స్థాపించిన ‘విమెన్ ఫర్ సోబ్రయిటీ’ మరో ముఖ్యమైన విమర్శ చేసింది. అహంకారం తగ్గించుకొమ్మన్న బోధ సమాజంలో అధికారమున్న పురుషుడికి మందు కావచ్చు. ఆత్మవిశ్వాసమే లేని స్త్రీకి కావలసింది దానికి భిన్నమైనదన్నది ఆ విమర్శ సారం. మూడో భాగంలో ప్రస్తావించిన బేట్‌సన్ విశ్లేషణకు కూడా ఇది హద్దు గీస్తుంది. సీసాతో పోటీపడే అహం అందరు తాగుబోతులకూ ఒకే తీరున ఉంటుందని చెప్పలేము.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• పన్నెండు మెట్లు ఆజ్ఞలు కావు, భూతకాలంలో చెప్పిన సామూహిక అనుభవం. శక్తిహీనతను ఒప్పుకోవటం మద్యానికే పరిమితం, తర్వాతి మెట్లు బాధ్యతను పెంచేవే.

• ఇది ఏ మతంలోకీ చేర్చదు. మతమూలాలు లేవనటం మాత్రం చరిత్రకు విరుద్ధం. ఇష్టపడి వెళ్ళేవాడికి తలుపు తెరిచి ఉండటం, ఇష్టంలేనివాడిని ఆ తలుపులోంచి నెట్టకపోవటం రెండూ అవసరమే.

• ఇది ఒట్టుకు, దీక్షకు భిన్నమైనది. నిషేధోద్యమానికి పోటీ కాదు, ప్రత్యామ్నాయమూ కాదు.

• మందులకు మూలపాఠం విరోధి కాదు. ఆచరణలో కొందరు చూపే విరోధాన్ని పాఠం పేరుతో కప్పిపుచ్చరాదు. మద్యం మానే తొలిదశలో వైద్య పర్యవేక్షణకు బదులు ఏదీ లేదు.

• అయిదు శాతం, డెబ్బయి అయిదు శాతం అన్న రెండు అంకెలూ ఆధారానికి నిలవవు. పరిశోధన చూపిన మేలు పరిమితమైనది, కానీ వాస్తవమైనది.

• తెలుగు పదాలను ఎంచేటప్పుడు నింద, భక్తి అనే రెండు అదనపు బరువులు మోపకుండా జాగ్రత్త వహించాలి.

38 మందిలో ఒక్కరికే చికిత్స అందుతున్న దేశంలో ఏ ఒక్క దారినీ అపోహతో మూసివేయటం తగదు, ఏ ఒక్క దారినే ఏకైక మార్గంగా ప్రకటించటమూ తగదు. పాఠాన్ని పాఠంగా, ఆచరణను ఆచరణగా, సంస్థను సంస్థగా వేరుచేసి చదివినప్పుడే పన్నెండు మెట్లు ఎవరికి పనికివస్తాయో, ఎవరికి మరో దారి చూపాలో నిర్ణయించటం సాధ్యమవుతుంది.